పేటెంటు ఇప్పించారు సరే, అమ్ముకునే చోటేది?

అనంతపురం నుంచి బహిరంగ లేఖ

రాష్ట్రంలో పరిశ్రమలు, వ్యవసాయ యంత్రాలు, చేనేత, ఆవిష్కరణల వ్యవహారాలు చూసే అధికారులకు,
మా ప్రాంతపు యూనివర్సిటీల, ఇంజినీరింగ్ కాలేజీల పెద్దలకు,
బ్యాంకు మేనేజర్లకు.

విషయం: పేటెంట్లు, డిజైన్లు అమ్ముకోవడానికి, లైసెన్సుకు ఇచ్చుకోవడానికి (అంటే డబ్బు తీసుకుని వాడుకోనివ్వడానికి) జిల్లాలో ఒక ఏర్పాటు చేయాలని.

ఆర్యా,

నమస్కారం. అనంతపురంలో గుత్తి రోడ్డు పక్కన నాకు లేత్, వెల్డింగ్ షెడ్డు ఉంది. 22 ఏళ్లుగా ఇదే పని. ట్రాక్టర్ గొర్రులు, గుంటకలు, ట్రాలీలు బాగుచేస్తాం. ముగ్గురు కుర్రాళ్లు పనిచేస్తారు. నా పేరు మీద ఒక పేటెంటు ఉంది. దాన్ని ఏం చేసుకోవాలో తెలియక మూడు అర్జీలు ఇచ్చాను. రెండింటికి రసీదులున్నాయి, మూడోదానికి అదీ లేదు. ఎక్కడ ఇచ్చానో, ఎవరు తీసుకున్నారో ఇక్కడ రాయను, ఎందుకంటే ఒక కుర్చీలో మనిషి మారితే తీరే సమస్య కాదిది. మూడు చోట్లా వచ్చిన జవాబు ఒకటే: "ఇది మా పరిధిలోకి రాదు." మరి ఎవరి పరిధిలోకి వస్తుందో చెప్పినవాళ్లు లేరు. అందుకే అందరికీ కలిపి రాస్తున్నాను.

ముందు నా వస్తువేమిటో చెప్తాను.

శనక్కాయ విత్తే గొర్రులో ఒక పళ్లెం తిరుగుతుంది. దాని అంచున బెజ్జాలుంటాయి. ఒక్కో బెజ్జంలో ఒక్కో గింజ పడి కింద గొట్టంలోకి జారాలి. మన విత్తనం అంతా ఒకే సైజులో ఉండదు కదా. లావు గింజ సగం బెజ్జంలో, సగం పైన ఇరుక్కుంటుంది. పళ్లెం ఆగదు. పైనున్న రేకు గింజను కోసేస్తుంది. పప్పు రెండు బద్దలవుతుంది, లేదంటే మొలక ముక్కు విరిగిపోతుంది. బద్దైన గింజ మొలవదు. ఆ సంగతి రైతుకు వారం పది రోజుల తర్వాత, సాలులో అక్కడక్కడా ఖాళీలు కనిపించినప్పుడు తెలుస్తుంది. అప్పటికి పదును ఆరిపోయి ఉంటుంది. మళ్లీ వాన ఎప్పుడో మా జిల్లాలో ఎవరూ చెప్పలేరు.

నేను చేసిందల్లా ఆ రేకు తీసేసి పాత సైకిల్ ట్యూబు పట్టీ బిగించడం, దాని వెనక స్ప్రింగు మీద సున్నం బ్రష్షు వెంట్రుకల కట్ట పెట్టడం, బెజ్జం అంచును లోపలికి ఏటవాలుగా కోయడం. లావు గింజ వస్తే ట్యూబు వంగుతుంది, బ్రష్షు దాన్ని పక్కకు నెడుతుంది. చెప్తే రెండు మాటలు. చేయడానికి మూడు ఖరీఫ్‌లు పట్టింది. మొదటి ఏడు బ్రష్షు తడికి ముద్దయింది. రెండో ఏడు ట్యూబు ఎండకు చిట్లింది. మూడో ఏడు రాప్తాడు వైపు ఒక రైతు ఆరెకరాలు చూపించి "వేయప్పా, చూద్దాం" అన్నాడు. మొలక వచ్చాక ఆయనే ఫోన్ చేసి, "గింజ పగలకుంటే చాలప్పా, ఆ పళ్లెం ఇక నా గొర్రుకే ఉండనీ" అన్నాడు. ఇప్పటికీ తిరిగివ్వలేదు.

2018లో పేటెంటుకు దరఖాస్తు వేశాం. మాలాంటి వ్యక్తులకు దరఖాస్తు ఫీజు 1,600 రూపాయలు, పరీక్ష చేయమని కోరడానికి 4,000. ఏజెంటు ఫీజు వేరే. చెన్నై ఆఫీసు అభ్యంతరాలు పంపింది, సమాధానాలు ఇచ్చాం, 2022లో సర్టిఫికెట్టు వచ్చింది. ఒక్కసారి కూడా చెన్నై పోలేదు. ఎవరికీ పది రూపాయలు లంచం ఇవ్వలేదు. ఇది మెచ్చుకోవాల్సిన సంగతి, మెచ్చుకుంటున్నాను.

నా కష్టం ఆ తర్వాత మొదలైంది. పేటెంటు బతికుండాలంటే ఏటేటా ఫీజు కట్టాలి. మూడో ఏడు నుంచి ఆరో ఏడు దాకా ఏడాదికి 800. ఏడో ఏడు నుంచి 2,400, పదకొండో ఏడు నుంచి 4,800, పదహారో ఏడు నుంచి 8,000. 20 ఏళ్ల హక్కు ఇది, 2038 దాకా. కట్టకపోతే పోతుంది. దాని మీద ఇప్పటిదాకా నాకు వచ్చింది సున్నా.

దేశంలో 2023-24 ఒక్క ఆర్థిక సంవత్సరంలోనే లక్షకు పైగా పేటెంట్లు ఇచ్చారు. స్టార్టప్‌లకు ఏజెంటు ఫీజు ప్రభుత్వమే భరించే పథకం 2016 నుంచి ఉంది. విద్యాసంస్థలకు 2021లో ఫీజు 80 శాతం తగ్గించారు. కాలేజీ ర్యాంకుల్లో పేటెంట్లకు మార్కులు వేస్తున్నారు. పేటెంటు పుట్టించడానికి మంత్రసాని నుంచి ఉయ్యాల దాకా అన్నీ అమర్చారు, సంతోషం. 2016 నాటి జాతీయ మేధో సంపత్తి హక్కుల (పేటెంట్లు, డిజైన్ల లాంటివి) విధానంలో ఏడు లక్ష్యాలున్నాయి. వాటిలో ఒకటి ఈ హక్కులను వ్యాపారంలోకి తెచ్చి విలువ రాబట్టడం. నేను అడిగేది ఆ ఒక్క లక్ష్యం గురించే.

మా ఊళ్లో చీనీకాయల మార్కెట్టు ఉంది. సూటు పేరుతో కోతల మీద రైతుల గొడవలు ఎప్పుడూ ఉండేవే, అది మంచి మార్కెట్టు అని నేను అనను. అయినా అక్కడ కాటా ఉంది. నిన్న టన్ను ఎంత పలికిందో టీ కొట్టు దగ్గర అడిగినా చెప్తారు. కమీషన్ ఎంతో తెలుసు. కొనేవాడు ఎక్కడ నిలబడతాడో తెలుసు. నా పేటెంటుకు వీటిలో ఒక్కటీ లేదు. ఎంత అడగాలో తెలియదు, ఎవరిని అడగాలో తెలియదు, అడిగితే ఏమవుతుందో మాత్రం ఇప్పుడు బాగా తెలిసింది.

ఆ సంగతి చెప్తాను. పక్క రాష్ట్రం నుంచి యంత్రాల కంపెనీ మనిషి ఒకరు మా షెడ్డుకు వచ్చారు. మర్యాదస్తుడే. టీ తాగి, "అన్నా, పళ్లెం విప్పి చూపించు, లేకపోతే మావాళ్లకు ఏం చెప్పాలి?" అన్నారు. నాలుగు బోల్టులు విప్పి తిరగేసి బల్ల మీద పెట్టాను. ఆయన ఫోన్ తీశారు. ఇంకో చేత్తో జేబులోంచి చిన్న స్టీలు స్కేలు తీసి పళ్లెం పక్కన ఆనించి, నాలుగైదు ఫొటోలు తీసుకున్నారు. స్కేలు ఎందుకు పెట్టారని నాకు అప్పుడే అనుమానం రావాల్సింది. రాలేదు. స్ప్రింగు బిగువు ఎంత పెట్టానని అడిగారు, అదీ చెప్పాను.

పేటెంటు పత్రంలోని బొమ్మలు ఎవరైనా చూడొచ్చు, అది నాకు తెలుసు. కానీ దరఖాస్తు వేసిన తర్వాత రెండు సీజన్లు వాడి మేం సరిచేసుకున్న కొలతలు ఆ పత్రంలో లేవు. అవి ఆ రోజు బల్ల మీద ఉన్నాయి.

మరుసటి ఏడు జూన్‌లో ఒక రైతు కొత్త గొర్రును రిపేరుకు తెచ్చాడు. విప్పితే నా పళ్లెమే. వెంట్రుకల బదులు నైలాన్ బ్రష్షు, అంతే తేడా. బెజ్జం ఏటవాలు కూడా అదే. నా సరుకు నా షెడ్డుకే రిపేరుకు వచ్చిందన్నమాట! 300 తీసుకుని బాగుచేసి పంపాను. రైతు తప్పేముంది?

కంపెనీకి ఫోన్ చేస్తే, "పేటెంటుంటే కోర్టుకు పోండి" అన్నారు. వకీలును అడిగాను. జిల్లా కోర్టు కంటే కింద ఈ కేసు వేయడానికి లేదు. అవతలివాళ్లు "అసలు నీ పేటెంటే చెల్లదు" అని ఎదురు దావా వేస్తే కేసు హైకోర్టుకు పోతుంది. ఆయన చెప్పిన ఖర్చు విన్నాక నేను మంచినీళ్లు తాగి వచ్చేశాను. నిజానికి నాకు కేసు వద్దు. ఒక్కో గొర్రుకు 100 రూపాయలు రాయల్టీ ఇస్తే వాళ్లు ఎన్ని చేసుకున్నా నాకు సంతోషమే. ఆ మాట మధ్యలో కూర్చుని చెప్పే మనిషి లేడు.

చూపించకపోతే కొనరు, చూపిస్తే ఇక కొనాల్సిన పని లేదు. ఇది నా ఒక్కడి తెలివితక్కువతనం అనుకున్నాను. కెనెత్ ఆరో అనే అమెరికా ఆర్థికవేత్త 1962లోనే ఈ చిక్కు రాసిపెట్టారని మా మేనల్లుడు చెప్పాడు. కొంచెం ఊరట కలిగింది.

ఇక దళారీ సంగతి. బెంగళూరు నుంచి ఒక కన్సల్టెన్సీవాళ్లు ఫోన్ చేశారు. "మీ పేటెంటును అంతర్జాతీయ ఎక్స్ఛేంజీలో లిస్టు చేస్తాం, ముందు విలువ కట్టాలి" అన్నారు. 18,500 కట్టాను. 14 పేజీల రిపోర్టు వచ్చింది, రంగుల గ్రాఫులతో సహా. నా పళ్లెం విలువ 46 లక్షలట. ఆ రాత్రి నిద్రపట్టలేదు. మా ఇంటావిడ మాత్రం, "అయితే వాళ్లనే ఒక లక్షకు కొనుక్కోమనండి" అంది. ఆ మాట నాకు తట్టి ఉంటే 18,500 మిగిలేవి. లిస్టు చేశామన్న పేజీ ఒకటి పంపారు. ఆర్నెల్ల తర్వాత ఆ పేజీ తెరుచుకోలేదు.

ఆ రిపోర్టు, సర్టిఫికెట్టు పట్టుకుని ఒక బ్యాంకుకు పోయాను. మేనేజరు మంచాయన, కుర్చీ వేయించారు. సర్టిఫికెట్టును రెండు వైపులా చూసి, "మీ లేత్ మెషీన్ ఎన్నేళ్లది?" అని అడిగారు. పన్నెండేళ్లదన్నాను. "దాని మీదైతే చూద్దాం" అన్నారు. ఆయన్ను తప్పుపట్టను. పాత లేత్‌ను రేపు ఎవరికైనా అమ్ముకోవచ్చు, పేటెంటును ఎవరికి అమ్ముతారు?

ఇది ఒక్క ఇనుము పని చేసేవాళ్ల గోడు కాదు. ధర్మవరంలో నాకొక మిత్రుడున్నాడు, పట్టుచీరలకు గ్రాఫు గీస్తాడు. గళ్ల కాగితం మీద ఒక్కో గడీ నింపుతూ బార్డరు, కొంగు, బుటా వేస్తాడు. ఒక కొంగుకు పదిహేను రోజులు పట్టిన సందర్భాలున్నాయి. ఆ గ్రాఫు చూసి జకార్డుకు, అంటే మగ్గం మీద డిజైను తేల్చే పరికరానికి, బెజ్జాల కార్డులు కొడతారు. అతనికి వచ్చేది ఒక్కసారి కూలి. ఆ డిజైనుతో పది చీరలు నేసినా, పదివేలు నేసినా అంతే. చీర మగ్గం దిగక ముందే ఫొటో వాట్సాప్‌లో తిరుగుతుంది, నెల దాటకుండా అదే కొంగు పవర్‌లూమ్ చీర మీద కనిపిస్తుంది.

చట్టం ఏమంటుందో అతనికి చెప్పినవాళ్లు లేరు. డిజైనుల చట్టం కింద నమోదు చేస్తే 10 ఏళ్ల హక్కు, ఇంకో 5 ఏళ్లు పొడిగించుకోవచ్చు. కానీ నమోదుకు ముందే బయట చూపిస్తే అది కొత్తది కాదు. స్టేటస్‌లో పెట్టిన రోజే హక్కు చేజారుతుంది. పోనీ బొమ్మ గీసింది నేనే కదా, కాపీరైటు ఉంది కదా అంటే, కాపీరైటు చట్టం 15వ సెక్షన్ ప్రకారం నమోదుకు వీలున్న డిజైనును నమోదు చేయకుండా పారిశ్రామికంగా 50 సార్లు మించి తయారుచేస్తే ఆ కాపీరైటు కూడా పోతుంది. 51వ చీరతో అతని పదిహేను రోజుల కష్టం ఊరుమ్మడి సొత్తు అయిపోతుంది. ధర్మవరం చీరకు భౌగోళిక గుర్తింపు ఉంది కదా అంటారు. ఉంది, మంచిదే. అది ఊరి పేరును కాపాడుతుంది. భౌగోళిక గుర్తింపును అమ్మడానికి, లైసెన్సుకు ఇవ్వడానికి, తాకట్టు పెట్టడానికి చట్టంలోనే వీల్లేదు, ఉండకూడదు కూడా. గ్రాఫు గీసిన చేతికి దానివల్ల వచ్చేది ఏమీ లేదు.

ఈ ఏర్పాటు లేకపోవడంవల్ల మామూలు జనానికి జరుగుతున్నది ఇదీ:

1. రైతు నష్టపోతున్నాడు. నా పళ్లెం కాపీ కొట్టిన కంపెనీ బ్రష్షును నైలాన్‌తో చేసింది. అది నాలుగు రోజులకే గట్టిపడి గింజను మళ్లీ కోస్తోంది. లైసెన్సు తీసుకుని ఉంటే నైలాన్ ఎందుకు వద్దో నేనే చెప్పేవాణ్ని. ఆ పని మేం ఒక సీజన్ పాడుచేసుకుని నేర్చుకున్నాం. దొంగిలించినవాడికి బొమ్మ దొరుకుతుంది, తప్పులు దొరకవు. ఆ తప్పులు రైతు పొలంలో మళ్లీ మొదటినుంచీ జరుగుతాయి.

2. చేతిపనివాళ్లు కొత్తది చేయడం మానేస్తున్నారు. చేసినా దాచేస్తున్నారు. ఆటోనగర్‌లో నాకు తెలిసిన ఒకాయన కలుపు తీసే పరికరంలో మంచి మార్పు చేశాడు, గోనెసంచి కప్పి పెట్టుకున్నాడు. ఎవరైనా వస్తే షట్టరు సగం దించుతాడు. అది ఆయనతోనే పోతుంది.

3. కాలేజీల్లో పేటెంట్లు ఫైళ్లలో ఉన్నాయి. పిల్లలు ప్రాజెక్టులు చేస్తారు, దరఖాస్తులు వేస్తారు, ఫొటో పేపర్లో వస్తుంది. ఆ తర్వాత దాన్ని తీసుకుని మా షెడ్డు గడప తొక్కినవాళ్లు నాకైతే ఒక్కరూ కనపడలేదు. లైసెన్సుకు ఇస్తే చేసిపెట్టడానికి మాకు మెషీన్లున్నాయి, పని లేని నెలలూ ఉన్నాయి.

4. సొంతంగా కంపెనీ పెట్టగలిగినవాడే గట్టెక్కుతున్నాడు. ఆలేరు చింతకింది మల్లేశం గారు తల్లి పడే కష్టం చూడలేక చీర నేయక ముందు దారం చుట్టే ఆసు యంత్రం చేశారు, 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆ యంత్రాన్ని తయారుచేయడం, అమ్మడం కూడా ఆయనే నెత్తిన వేసుకోవాల్సి వచ్చింది. అందరూ మల్లేశాలు కాలేరు. నాకు చేయడం వచ్చు, అమ్మడం రాదు. వడ్రంగి నాగలి చేశాడని సంతలో గొంతు చించుకోమంటే ఎలా?

మీరు వెంటనే "పోర్టల్ పెడతాం" అంటారేమో. దయచేసి వద్దు. అమెరికాలో షికాగోలో పేటెంటు లైసెన్సులను షేర్లలా అమ్మే ఎక్స్ఛేంజీ ఒకటి పెట్టారు. పెద్ద పెద్ద సంస్థలు చేరాయి. కొనాల్సినవాళ్లు ముందుకు రాక 2015లో మూసేశారు. అదే దేశంలో 2006లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పేటెంట్లను వేలం పాట పెట్టారు. 2011లో నార్టెల్ అనే దివాలా తీసిన కంపెనీ దగ్గరున్న 6 వేల పేటెంట్లను 450 కోట్ల డాలర్లకు కొన్నారు. వేలకు వేలు మూటగట్టి అమ్మేవాళ్లకు దారులు దొరుకుతాయి. ఒక్క పేటెంటున్న లేత్ షెడ్డు మనిషికి కావాల్సింది తెర మీద పేజీ కాదు. ఫోన్ ఎత్తే మనిషి కావాలి.

"రాయల్టీ ఎంతని లెక్క కట్టగలం?" అని ఒక ఆఫీసులో అడిగారు. కట్టవచ్చు. 2012 మార్చిలో హైదరాబాద్ నాట్కో కంపెనీకి క్యాన్సర్ మందు మీద తప్పనిసరి లైసెన్సు (పేటెంటుదారు ఒప్పుకోకపోయినా తయారుచేసుకునే అనుమతి) ఇచ్చినప్పుడు పేటెంటు కంట్రోలరే కూర్చుని నికర అమ్మకాల మీద 6 శాతం అని తేల్చారు, అప్పీలులో అది 7 అయింది. నెలకు సుమారు 2 లక్షల 80 వేలున్న మందు 9 వేల లోపుకు దిగింది. అంత పెద్ద మందుకు లెక్క కట్టినవాళ్లు ఇంత పళ్లేనికి కట్టలేరా?

అలాగని అన్నీ సంతకు పెట్టమని కూడా నేను అనను. కదిరి పరిశోధన కేంద్రం కదిరి-6 శనక్కాయ రకం ఇచ్చింది. దాన్ని రైతులు దాచుకుని, మార్చుకుని, పక్క ఊరికి ఇచ్చుకుని బతికారు. రైతు తన విత్తనం దాచుకునే, ఇచ్చుకునే హక్కును 2001 నాటి మొక్కల రకాల చట్టం గట్టిగా కాపాడింది, బ్రాండు పేరుతో మాత్రం అమ్మకూడదంది. అది అలాగే ఉండాలి. ఊరి పేరు, రైతు విత్తనం జోలికి పోకుండా, ఒక మనిషి తన చేత్తో కొత్తగా చేసినదాని గురించే నేను మాట్లాడుతున్నాను.

మా కోరికలు:

1. జిల్లాకు ఒక మనిషిని పెట్టండి. అమరావతి కేంద్రంగా మొదలైన రతన్ టాటా ఇన్నొవేషన్ హబ్‌కు అనంతపురంలో శాఖ ఉంది. జె.ఎన్.టి.యు., శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం ఇక్కడే ఉన్నాయి. చోటుకు కొరత లేదు. ఆ మనిషి పని పేటెంటు వేయించడం కాకూడదు, అమ్మించడమే కావాలి. ఏడాదికి ఎన్ని దరఖాస్తులు వేయించారని కాక, ఎన్ని లైసెన్సులు కుదిర్చారని ఆయన్ను అడగండి. 1953 నుంచి ఈ పనే చేస్తున్న జాతీయ పరిశోధన అభివృద్ధి సంస్థకు విశాఖలో కేంద్రం ఉంది. గొర్రు పళ్లెం సంచిలో వేసుకుని రాత్రంతా రైల్లో అక్కడికి పోవడం మాలాంటివాళ్ల వల్ల అయ్యే పని కాదు. వాళ్లనే మూడు నెలలకోసారి ఇక్కడికి పిలిపించండి. ఆ రోజును సంత రోజుగా చాటించండి. కంపెనీలను పిలవండి, మేం సరుకు తెస్తాం.

2. చూపించే ముందు సంతకం పెట్టించండి. గోప్యత ఒప్పందం, లైసెన్సు ఒప్పందం, పూర్తి అమ్మకం పత్రం, ఈ మూడింటి నమూనాలు తెలుగులో, రెండేసి పేజీలకు మించకుండా తయారుచేయించండి. పేటెంటు బదిలీ గానీ లైసెన్సు గానీ రాతపూర్వకంగా లేకపోతే చెల్లదని పేటెంట్ల చట్టం 68వ సెక్షన్ చెప్తుంది. మా దగ్గర వ్యవహారమంతా నోటిమాట మీదే నడుస్తుందని మీకు తెలుసు.

3. ధర బయట పెట్టండి. పేర్లు వద్దు. ఏ రకం వస్తువు, ముందు ఎంత ఇచ్చారు, రాయల్టీ ఎంత శాతం, ఎన్నేళ్లకు అన్న నాలుగు ముక్కలు చాలు. ప్రభుత్వ యూనివర్సిటీలు తాము ఇచ్చిన లైసెన్సులతోనే మొదలుపెట్టవచ్చు. జనం డబ్బుతో చేసిన పరిశోధన ధర జనానికి తెలిస్తే తప్పేమిటి?

4. గార్లదిన్నె దగ్గర కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్ష సంస్థ ఉంది. దక్షిణాది రాష్ట్రాలన్నిటికీ పనికొచ్చే సంస్థ మా ఇంటి పక్కనే ఉంది. చిన్న ఆవిష్కర్తల పరికరాలకు అక్కడ పరీక్ష ఫీజును రాష్ట్రం భరించాలి. కంపెనీ నా మాట నమ్మదు, ఆ కాగితం నమ్ముతుంది. సబ్సిడీ యంత్రాల జాబితాలోకి పోవడానికి కూడా అదే దారి.

5. దళారులను కట్టడి చేయండి. పేటెంటు ఏజెంటు కావాలంటే పరీక్ష రాయాలి, పేరు నమోదు కావాలి. పేటెంటు అమ్మిపెడతాననేవాడికి ఏ పరీక్షా లేదు, ఏ పుస్తకంలోనూ పేరుండదు. జిల్లాలో వ్యాపారం చేసే ప్రతి దళారీ పేరు నమోదు చేయించాలి. కుదిరాకే కమీషన్, ముందు పైసా తీసుకోకూడదు.

6. బ్యాంకులు. 2021 జులైలో పార్లమెంటు స్థాయీ సంఘం తన 161వ నివేదికలో మేధో సంపత్తి మీద అప్పులిచ్చే ఏర్పాటు గురించి సిఫార్సు చేసింది. పూర్తి అప్పు అడగడం లేదు. లైసెన్సు కుదిరి, రాయల్టీ బ్యాంకు ఖాతాలో పడుతున్నప్పుడు దాని మీద కొంత ఇవ్వండి. జీతం మీద ఇవ్వడం లేదా?

7. ధర్మవరం, మాధవరం, ఎమ్మిగనూరు, కోడుమూరు లాంటి నేత ఊళ్లలో ఏడాదికి రెండుసార్లు డిజైను నమోదు శిబిరం పెట్టండి. చీర బయటికి పోకముందే, గ్రాఫు దశలోనే నమోదు కావాలి. గీసినవాడి పేరు పత్రంలో ఉండాలి. చీరకు ఇంత అని అతనికి ముట్టేలా నమూనా ఒప్పందం ఉండాలి. షావుకార్లు మొదట ఒప్పుకోరు. కానీ కాపీ చీరలవల్ల వాళ్లూ నష్టపోతున్నారు, మాట్లాడితే దారికి వస్తారు.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. సంత పెట్టగానే పేటెంట్లు మూటగట్టి కొనుక్కుని, ఏమీ తయారుచేయకుండా, మాలాంటి షెడ్లకు నోటీసులు పంపి డబ్బు గుంజేవాళ్లు వస్తారు. పేటెంటు వాడుతున్నారో లేదో యజమాని ఇచ్చే ప్రకటనను ఏటా ఇవ్వాలన్న పాత నిబంధన 2024లో మూడేళ్లకోసారిగా మారింది. కనీసం జిల్లా కుదిర్చిన ఒప్పందాల్లోనైనా, రెండేళ్లలో తయారీ మొదలుపెట్టకపోతే హక్కు తిరిగి చేసినవాడికే రావాలన్న షరతు రాయించండి.

ఈ కోరికల్లో మొదటి రెండింటికీ కొత్త చట్టం అక్కర్లేదు, పెద్ద బడ్జెట్టూ అక్కర్లేదు. తొలకరి లోపు మొదటి సంత రోజు ఎప్పుడో తేదీ ప్రకటించండి. ఈ లేఖకు జవాబు ఇచ్చేటప్పుడు "మా పరిధి కాదు" అని రాయాల్సి వస్తే, ఎవరి పరిధో ఆ పక్కనే రాయండి. నాలుగో అర్జీ అక్కడ ఇచ్చుకుంటాను.

ఇట్లు,
గుత్తి రోడ్డు లేత్ షెడ్డు నుంచి
ఒక పేటెంటుదారు,
అనంతపురం.

తా.క.: నా పేటెంటు రెన్యువల్ ఫీజు ఆగస్టులో కట్టాలి, కడతాను. పళ్లెం చూడాలనుకునే అధికారులు ఆదివారం తప్ప ఎప్పుడైనా షెడ్డుకు రావచ్చు. బోల్టులు విప్పి చూపిస్తాను. ఫోను, స్కేలు మాత్రం బయట బల్ల మీద పెట్టి లోపలికి రావాలి.